లాగ్‌బుక్కులు మూసి స్లైడ్లు తెరవండి: పాథాలజీ పీజీ శిక్షణపై బహిరంగ లేఖ

విజయవాడ డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతులకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్యవిద్యా సంచాలకులకు,
జాతీయ వైద్య కమిషన్ పీజీ వైద్యవిద్యా మండలి సభ్యులకు,

నమస్కారం.

విషయం: ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఎండీ పాథాలజీ (ఒంట్లోంచి తీసిన ముక్క, రక్తం చూసి జబ్బు తేల్చే శాస్త్రం) శిక్షణ, థీసిస్‌లు, వాటివల్ల రోగులకు జరుగుతున్న నష్టం.

నేను ప్రభుత్వ కళాశాలలో పాథాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి పరీక్షకుడిగా, వేరే కళాశాలల పరీక్షలకూ వెళ్లాను. నా దగ్గర చదువుకుని ఇప్పుడు జిల్లాల్లో పనిచేస్తున్నవాళ్లు, ఇంకా సర్వీసులో ఉండటంవల్ల పేరు చెప్పుకోలేని సహోద్యోగులు అన్న మాటలు కూడా కలిపి ఇది రాస్తున్నాను. ఇవే విషయాలను ఇంగ్లిషులో, సంతకాలతో, పద్ధతి ప్రకారం మీ కార్యాలయాలకు పంపాం. ఇన్‌వర్డ్ ముద్ర పడింది. అడిగితే "పరిశీలనలో ఉంది" అన్నారు. ఆ మాట తప్ప ఇంకేమీ రాలేదు. అందుకని ఈసారి తెలుగులో, అందరి ముందూ రాస్తున్నాను. మేం కోసి చూసే ముక్కలు ఎవరి ఒంట్లోంచి వచ్చాయో వాళ్లకు కూడా ఈ సంగతి తెలియాలి.

కళాశాలలు తెచ్చారు, సీట్లు పెంచారు. అందులో మీ శ్రమ ఉంది, కాదనను. సీటు పెరిగిన చోట నేర్పే మనిషి, నేర్చుకునే సరుకు పెరగలేదన్నదే మా ఫిర్యాదు.

పాథాలజిస్టును రోగి చూడడు. గడ్డ తీసిన సర్జను "ముక్క పరీక్షకు పంపాం, రిపోర్టు వచ్చాక చెబుతా" అంటాడు. ఆ ముక్క కుళ్లకుండా ఫార్మలిన్ ద్రవం పోసిన డబ్బాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని కోసి, మైనంలో బిగించి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు తీసి, స్లైడు అనే గాజుపలక మీద పెట్టి, రంగు వేసి, అది క్యాన్సరా, టీబీనా, ఉత్త వాపా అని తేల్చేది పాథాలజిస్టు. బోధనాసుపత్రిలో ఆ డబ్బా మూత ముందుగా తీసేది మాత్రం పీజీ విద్యార్థి. అతనికి ఏం నేర్పారన్నది వార్డులో పడుకున్న మనిషి బతుకు సమస్య.

1. ముక్క కోసేటప్పుడు పక్కన నిలబడేవాళ్లు లేరు.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి పేగు పంపిస్తే, దాని చుట్టూ ఉన్న కొవ్వును వేళ్లతో తడుముతూ, సన్నగా కోస్తూ లింఫ్ గ్రంథులు వెతకాలి. కనీసం 12 దొరకాలన్నది ప్రపంచమంతా పాటిస్తున్న ప్రమాణం. కందిగింజంత గ్రంథిని కూడా వదలకూడదు. ఒక్క గ్రంథిలో క్యాన్సర్ కనిపించినా అది మూడో దశ, కీమోథెరపీ ఇవ్వాలి. అయిదు దొరికాయి చాల్లే అనుకుంటే ఆరోదానిలో ఏముందో ఎప్పటికీ తెలియదు. రిపోర్టులో గ్రంథులకు పాకలేదని వస్తుంది. ఆ మనిషి ఊపిరి పీల్చుకుని పొలం పనికి వెళ్తాడు. తర్వాత కాలేయంలో గడ్డలతో తిరిగొస్తే "జబ్బు తిరగబెట్టింది" అంటాం. గ్రాసింగ్, అంటే ముక్కను ఇలా కోసి చూసే పని, పుస్తకంతో వచ్చే విద్య కాదు. భుజం పక్కన నిలబడి "ఇంకా ఉన్నాయి, వెతుకు" అనే ఒక ప్రొఫెసర్ ఉండాలి.

రొమ్ము గడ్డల సంగతి మరీ అన్యాయం. తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి. వేశాక ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి. శనివారం మధ్యాహ్నం తీసిన రొమ్మును గాటు పెట్టకుండా చిన్న డబ్బాలో కుక్కేస్తే సోమవారానికి పైపొర గట్టిపడి, నడిమి భాగం కుళ్లిపోయి ఉంటుంది. అలాంటి ముక్క మీద, గడ్డ హార్మోన్లకు స్పందించేదా కాదా అని చూసే హార్మోన్ రిసెప్టర్ పరీక్ష చేస్తే పాజిటివ్ రావలసింది నెగటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చినవాళ్లకు ఇచ్చే టామాక్సిఫెన్ ఖరీదైన మందేమీ కాదు. కూలి చేసుకునే ఆడమనిషి కూడా కొనుక్కోగలదు, అయిదేళ్లు వాడితే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా తగ్గుతుంది. రిపోర్టు తప్పు కాబట్టి ఆ మాత్ర ఆమెకు రాయరు. ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లి, డబ్బా ఎంత ఉండాలో, గాటు ఎక్కడ పెట్టాలో నర్సుకు చెప్పి రావడం పాథాలజీ పీజీ శిక్షణలో భాగం కావాలి. ఎన్ని చోట్ల అయింది?

తెలంగాణలో 2022 నవంబరులో ఎనిమిది, 2023 సెప్టెంబరులో తొమ్మిది ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి. ఆంధ్రలో అదే సెప్టెంబరులో అయిదు. వాటికి అధ్యాపకులు ఆకాశంలోంచి ఊడిపడరు కదా. పాత కళాశాలల నుంచి బదిలీ మీద, డిప్యుటేషన్ మీద వెళ్లారు. వాళ్లు వదిలి వెళ్లిన గ్రాసింగ్ బల్లల దగ్గర ఇప్పుడు సీనియర్ పీజీ జూనియర్ పీజీకి నేర్పుతున్నాడు. అతనికి నేర్పింది అంతకు ముందు సీనియరు.

2. ఆంటీబాడీలు లేకుండా క్యాన్సర్ పాఠం చెబుతున్నాం.

ఇవాళ లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్) ఏ రకమో, తెలియని చోట పుట్టి ఎముకలోకి పాకిన క్యాన్సర్ ఎక్కడిదో మామూలు రంగుతో తేలదు. ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ) చేయాలి, అంటే కణాల్లోని ప్రత్యేక ప్రోటీన్లను ఆంటీబాడీలతో గుర్తుపట్టాలి. మన పీజీ కళాశాలల్లో కొన్నింటిలో ఆ సదుపాయమే లేదు. కొన్నింటిలో యంత్రం ఉంటుంది, రసాయనాలు ఉండవు. ఇండెంటు (సరుకు కావాలన్న పత్రం) పెట్టిన ఎన్నాళ్లకో ఆంటీబాడీ వస్తుంది, అప్పటికి దానికి జతగా వాడాల్సిన కిట్టు అయిపోయి ఉంటుంది, ఆ చిన్న సీసా ఫ్రిజ్‌లోనే గడువు దాటిపోతుంది.

కాబట్టి మా విద్యార్థులు బాగా రాయడం నేర్చుకున్న వాక్యం ఒకటే: "సలహా: ఐహెచ్‌సీ." ఆ వాక్యం చదివిన రోగి కొడుకు ముక్క బిగించిన మైనపు బ్లాకును జేబులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కుతాడు. ప్రైవేటు ల్యాబులో వేల రూపాయలు కడతాడు. కట్టలేనివాడు బ్లాకును ఇంట్లో దాస్తాడు. మెడ మీద గడ్డలతో వచ్చిన కుర్రాడికి సూది పరీక్షలో తేలక, టీబీ అయి ఉంటుందని ఆర్నెల్ల మందులు మొదలుపెడతారు. అది లింఫోమా అయితే ఆ ఆర్నెల్లూ గడ్డకు ఇచ్చేసినట్టే. హాడ్జ్‌కిన్ లింఫోమా అయితే ఇంకా బాధ, ఎందుకంటే అది చాలామందిలో నయమయ్యే క్యాన్సర్.

3. టెక్నీషియన్ ఖాళీలను పీజీలతో నింపుతున్నారు.

రక్తం తీయడం, సీసాలకు నంబర్లు వేయడం, రిపోర్టులు టైపు చేయడం, బ్లడ్ బ్యాంకులో రాత్రంతా సంచులు లెక్కపెట్టడం. వీటిలో కొంత నేర్చుకోవలసిందే, మేమూ చేశాం. కానీ మూడేళ్ల కోర్సులో పగలు మైక్రోస్కోపు ముందు గడపాల్సిన గంటలు వీటికే పోతే?

ఒక్క ఉదాహరణ చెబుతాను. అక్యూట్ ప్రొమైలోసైటిక్ లుకేమియా అని ఒక రక్త క్యాన్సర్ ఉంది. రోగి చిగుళ్ల నుంచి రక్తంతో, ఒంటి మీద కమిలిన మచ్చలతో రాత్రివేళ వస్తాడు. రక్తపు చుక్కను స్లైడు మీద పరిచి చూస్తే ఆ కణాలు, వాటిలో కట్టెల మోపులా పేర్చినట్టుండే ఎర్రటి సన్నని కడ్డీలు కనిపిస్తాయి. గుర్తుపట్టి వార్డుకు ఫోన్ చేస్తే, జన్యు పరీక్ష కోసం ఆగకుండా అనుమానం మీదే ఆట్రా మందు మొదలుపెడతారు. గుర్తుపట్టకపోతే మెదడులో రక్తస్రావమై తెల్లారేలోపే ప్రాణం పోవచ్చు. సరిగా వైద్యం అందితే ఎక్కువమంది బతికే లుకేమియా ఇది. ఆ రాత్రి స్లైడు చూసేది మీరు పగలంతా సీసాలకు నంబర్లు వేయించిన పీజీయే.

4. థీసిస్ ఒక తంతు అయిపోయింది.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. చేరిన ఆర్నెల్లలో సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) ఇవ్వాలి. పరీక్షకు ఆర్నెల్లు ముందే థీసిస్ సమర్పించాలి. మధ్యలో మిగిలేది రెండేళ్లు. అందులో ఎథిక్స్ కమిటీ సమావేశమయ్యేదాకా కొన్ని నెలలు ఆగాలి, మరికొన్ని నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేసే జిల్లా రెసిడెన్సీకి పోతాయి. డబ్బు ఇచ్చేవాళ్లు లేరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) థీసిస్ సాయం ఏటా కొద్దిమందికే దక్కుతుంది. ఏ ఖర్చూ లేని అంశం ఎంచుకోవడం తప్ప విద్యార్థికి దారి లేదు. అందుకే పరీక్షకుల చేతికి వచ్చే థీసిస్ పేర్లు అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి: ఫలానా అవయవం గడ్డలపై హిస్టోపాథలాజికల్ అధ్యయనం, ఎ స్టడీ ఇన్ ఎ టెర్షియరీ కేర్ హాస్పిటల్. థైరాయిడ్ పోతే గర్భాశయం, గర్భాశయం పోతే చర్మం. పట్టికలు, శాతాలు, చివర్లో ఎవరో రాసిన దానితో పోలిక. ఏ ప్రశ్నకు జవాబు వెతికాడో విద్యార్థికే తెలియదు. వైవాలో అడిగితే తల దించుకుంటాడు, అడిగినందుకు మనకే కష్టం కలుగుతుంది.

పరిశోధన పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సు తప్పనిసరి చేశారు. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ఆ పాఠాలు నిజానికి బాగుంటాయి. కానీ పాఠం విని సర్టిఫికెట్ తెచ్చుకున్న విద్యార్థికి తన లెక్కలు సరిచూసుకోవడానికి కళాశాలలో ఒక్క స్టాటిస్టీషియన్ దొరకడు. హాస్టళ్లలో "స్టాట్స్ చేసిపెడతాం, థీసిస్ కూర్చిపెడతాం" అనేవాళ్ల ఫోన్ నంబర్లు చేతులు మారుతుంటాయి. ఇక సదస్సులో పోస్టరు, పత్రం, ప్రచురణ అంటూ మీరు పెట్టిన నిబంధనలవల్ల బాగుపడింది డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికలే.

ఇదంతా ఎక్కడ జరుగుతోంది? జవాబు దొరకని జబ్బులున్న నేల మీద. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగరు, బీపీ లేని రైతులకు, కూలీలకు కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయో ఇంకా తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులు అన్నారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, మంచిదే. బయాప్సీ చేసినవాళ్లలో ఎక్కువగా కనిపించింది కిడ్నీ నాళికలు, వాటి మధ్య కణజాలం దెబ్బతినడం. చిక్కేమిటంటే చాలామంది కిడ్నీ కుంచించుకుపోయాక వస్తారు. అప్పుడు బయాప్సీ చేసినా మిగిలేది మచ్చే, కారణం కనిపించదు. జబ్బు తొలి రోజుల్లో కణజాలం ఎలా ఉందో చూడాలి. మామూలు రంగులతో పాటు మెరిసే ఆంటీబాడీలతో చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి, చదవగల కళ్లు కావాలి. ప్రమాదాల్లో చనిపోయి పోస్టుమార్టానికి వచ్చిన ఆ ప్రాంతపు వాళ్ల కిడ్నీలను, కుటుంబం ఒప్పుకుంటే, ఎథిక్స్ అనుమతితో పరీక్షిస్తే లక్షణాలు బయటపడని దశ ఎలా ఉంటుందో తెలియవచ్చు. ఇది ఒక పీజీ థీసిస్ కాకూడదా? ఏటా ఒక్కో విద్యార్థి కొంత ముందుకు తీసుకెళ్తే పదేళ్లకు ఏదో ఒకటి తేలదా?

మనకు ఇలాంటి పని కొత్తేమీ కాదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను కర్రలా బిగిసిపోతున్న మనుషుల్ని చూసి, వాళ్లు తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ప్రచురించారు. ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన తొలి వివరణల్లో అదొకటి. అప్పటికి మన చేతిలో కంప్యూటర్లు లేవు, ఆన్‌లైన్ కోర్సులు లేవు, చేసిన పనులు రాసి సంతకం పెట్టించుకునే లాగ్‌బుక్కులూ లేవు.

5. సీట్లు మిగలడానికి విద్యార్థులను తప్పుపట్టకండి.

2021 నీట్ పీజీలో దేశమంతటా 1,456 సీట్లు మిగిలిపోయి, వాటి కోసం మరో కౌన్సెలింగ్ పెట్టాలన్న పిటిషన్లను 2022 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మిగిలినవాటిలో ఎక్కువ నాన్‌క్లినికల్ (రోగికి నేరుగా వైద్యం చేయని విభాగాల) సీట్లే. 2023లో అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించారు, అంటే పరీక్ష రాసినవాళ్లందరూ అర్హులే. మార్కులు తగ్గించడం తేలిక, ఒక్క ఉత్తర్వు చాలు. పాథాలజీలో చేరినవాడికి ముందు ఏం కనిపిస్తోందో చూడండి. ల్యాబు రిపోర్టు మీద పాథాలజీ పీజీ చేసిన డాక్టరు సంతకం ఉండాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. రోగి మేలు కోసం చెప్పిన మాట అది. బజారులో అది సంతకం అద్దెకిచ్చే వ్యాపారమైంది. తాలూకా సెంటరులో ల్యాబు ఉంటుంది, స్కాన్ చేసిన సంతకం ఉంటుంది, డాక్టరు ఎక్కడో ఉంటాడు. సరైన శిక్షణ, తనమీద తనకు నమ్మకం లేకుండా బయటికి వచ్చిన కుర్రవాడు స్లైడు చదివి బతకడం కన్నా సంతకం అద్దెకిచ్చి బతకడం సులువనుకుంటాడు. వాణ్ని తిట్టి లాభం లేదు.

6. జిల్లా రెసిడెన్సీ, పోస్టుమార్టం.

మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి పంపడం మంచి ఆలోచనే. కానీ చాలా జిల్లా ఆసుపత్రుల్లో ముక్క పరీక్షే లేదు. పాథాలజీ పీజీ అక్కడ ఓపీ చీటీలు రాస్తున్నాడు. ఇక జబ్బుతో చనిపోయినవారికి చేసే క్లినికల్ అటాప్సీ దాదాపు అంతరించింది. ఫోరెన్సిక్ వాళ్లు పంపే నాలుగు ముక్కలే మా విద్యార్థులకు మృత్యువు గురించి పాఠం.

మేం అడుగుతున్నవి:

1. పీజీ సీట్లున్న ప్రతి కళాశాలకూ ప్రాథమిక ఐహెచ్‌సీ ఆంటీబాడీల జాబితా ఖరారు చేసి, రెండు రాష్ట్రాల వైద్య మౌలిక సదుపాయాల సంస్థల ద్వారా రేటు కాంట్రాక్టు మీద, కిట్టుతో సహా, ఏడాది పొడవునా అందించాలి. సొంతంగా పెట్టలేని కళాశాలల బ్లాకులను దగ్గర్లోని పెద్ద కేంద్రానికి ప్రభుత్వమే చేర్చాలి. రోగి కొడుకు జేబులో కాదు.

2. తనిఖీకి వచ్చినప్పుడు లాగ్‌బుక్కు పక్కన పెట్టి, గత ఏడాది బ్లాకుల్లోంచి కొన్నింటిని చీటీ తీసినట్టు తీసి, స్లైడ్లు బయటి పాథాలజిస్టుతో తిరిగి చదివించండి. పేగు క్యాన్సర్ రిపోర్టుల్లో ఎన్ని గ్రంథులు దొరికాయో లెక్కపెట్టండి. ఈ ఒక్క లెక్క చాలు, ఆ విభాగంలో నేర్పేవాళ్లున్నారో లేదో తెలిసిపోతుంది. విద్యార్థిని ఫెయిల్ చేయడానికి దీన్ని వాడవద్దు.

3. ప్రతి పీజీకి క్యాన్సర్ ఆసుపత్రిలో, కిడ్నీ బయాప్సీలు చదివే కేంద్రంలో తప్పనిసరి పోస్టింగు ఇవ్వాలి. జిల్లా రెసిడెన్సీ కాలంలో కొంత భాగాన్ని ఇందుకు వాడుకోవచ్చు. మిగతా భాగంలో జిల్లా ఆసుపత్రి నుంచి కళాశాలకు ముక్కలు చెడకుండా చేరే ఏర్పాటును విద్యార్థి చేత చేయించండి.

4. ఉద్దానం కిడ్నీ జబ్బు, ఫ్లోరోసిస్, నోటి క్యాన్సర్, సికిల్ సెల్ రక్తహీనత వంటి మన ప్రాంతపు సమస్యల మీద ప్రశ్నల జాబితాను విశ్వవిద్యాలయాలు ఏటా ప్రకటించాలి. వాటిని తీసుకున్న విద్యార్థికి థీసిస్ నిధి, స్టాటిస్టీషియన్ సాయం, కేంద్ర నిధులతో కొన్ని కళాశాలల్లో నడుస్తున్న బహుళ విభాగ పరిశోధన యూనిట్లు వాడుకునే హక్కు ఇవ్వాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఎన్ఐఎన్, సీడీఎఫ్‌డీ వంటి జాతీయ పరిశోధన సంస్థలు ఉన్నాయి. వాటికీ మా బ్లాకులకూ మధ్య ఉన్నది ఊరి దూరమే, ఒప్పందం ఉంటే తీరుతుంది. ఒకరి థీసిస్ ఎక్కడ ఆగిందో తర్వాతి విద్యార్థి అక్కడి నుంచి మొదలుపెట్టేలా ఆమోదించిన థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచి ఉంచాలి.

5. టెక్నీషియన్ ఖాళీలు భర్తీ చేయాలి. అప్పటిదాకా పీజీ వారానికి ఇన్ని గంటలు మైక్రోస్కోపు ముందు ఉండాలని నిబంధన పెట్టి, దాన్ని రాతపూర్వకంగా అమలు చేయాలి. స్టైపెండు నెలనెలా ఇవ్వమని మళ్లీ అడగాల్సి రావడం సిగ్గుచేటు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయడం లేదు.

6. కుటుంబం అనుమతితో క్లినికల్ అటాప్సీ, కనీసం సూదితో కణజాలం తీసే పద్ధతి, ఒక్కో విశ్వవిద్యాలయం పరిధిలో కొన్ని కళాశాలల్లోనైనా మొదలుపెట్టాలి.

వచ్చే పీజీ కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు వీటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతలో చెప్పండి. చేయలేమన్నా ఫర్వాలేదు, కారణం చెప్పండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కళాశాలవారీగా మూడు ప్రశ్నలు అడుగుతాం: ఇప్పుడు వాడుకలో ఉన్న ఆంటీబాడీలు ఏవి, గత ఏడాది పేగు క్యాన్సర్ రిపోర్టుల్లో సగటున ఎన్ని లింఫ్ గ్రంథులు చూపారు, పీజీలు గ్రాసింగ్ చేసేటప్పుడు హాజరైన అధ్యాపకుల పేర్లు ఏవి. వచ్చిన జవాబులు వచ్చినట్టే ప్రచురిస్తాం. ఏ కళాశాలలో చేరాలో వచ్చే ఏటి విద్యార్థులు, ఎక్కడ ఆపరేషన్ చేయించుకోవాలో రోగులు వాటిని చూసి తేల్చుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాథాలజీ ప్రొఫెసర్,
పూర్వ విద్యార్థులు, సహోద్యోగుల తరఫున